వాత పెట్టని పూత

"అప్పుడే తీయకు, ఇంకా గట్టిపడలేదేమో," అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి.

"గట్టిపడింది లెండి," అంటూ ఆమె డబ్బా మూత తీసింది. 

గాజు పలకలకి తడి అంటని సిలికా పూత వెయ్యడం ఆమె ఉద్యోగం. అక్కడ పూత వేశాక ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు. కూతురి చెవి మిషన్ ప్లాస్టిక్‌ది, కాలిస్తే ముద్దయిపోతుంది. అందుకే డబ్బాలో పెట్టి, వేడి లేకుండా, అమ్మోనియా ఆవిరితోనే గట్టిపరిచింది. రేపు ఈత పోటీ. మిషన్ తడిస్తే పాడవుతుంది, తీసేస్తే ఈల వినబడదు. ఈల వినబడని పిల్లని నీళ్లలోకి దింపనని కోచ్ ఖరాఖండిగా చెప్పేశాడు. నీళ్లు కనబడితే చాలు దూకేస్తుందని తండ్రి 'బుడుంగు' అని పిలుచుకునే ఆ పిల్ల, వారం నుంచి అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

"ఆ ఆవిరి లోపలికి పోయి తీగల్ని తినేస్తే?"

"రంధ్రాలన్నీ మైనంతో మూశాను."

"కీలెరిగి వాత పెట్టమన్నారు."

"వాత అక్కర్లేకుండా చెయ్యడమే కదా నా గొప్ప."

మిషన్‌ని కుళాయి కింద పట్టింది. బొట్లు నిలవకుండా జారిపోయాయి. గుడ్డతో గట్టిగా రుద్ది మళ్లీ పట్టింది. గిన్నెడు నీళ్లలో ముంచి, ఊపిరి ఉగ్గబట్టుకుని చూసింది. పూత చెక్కుచెదరలేదు. ఆమె వృత్తిలో నీళ్లు జారాయంటే పని నెగ్గినట్టే.

మైనం తీసి, తుడిచి, బుడుంగు చెవికి తగిలించింది. గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"వినబడుతోందా?"

"ఆఁ."

"రేపు పొద్దున్న ఏం తింటావు?"

"ఏమీ వద్దు. పొట్ట బరువైతే ఈదలేను."

"అనుమానప్పక్షి మీ నాన్నని ఏమందాం?"

"పాపం, వదిలెయ్యి."

భర్త నవ్వేశాడు. ఆమె గొంతు బాగా తగ్గించి, "భయమేస్తోందా?" అంది.

"నాకు కాదు, నీకే," అంది పిల్ల.

ఇన్నాళ్ల బెంగ ఒక్కసారిగా కరిగి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని, "గెలుస్తావా తల్లీ, గెలుస్తావా?" అని అడుగుతూనే ఉంది.

చేతులు తొలగి అమ్మ పెదాలు కనబడేదాకా బుడుంగు పలకలేదు.