అద్దాల మేడలో హోమం

"కిటికీలు పెడితే అందం పోతది బిడ్డా. మొత్తం అద్దమే ఉండాలె."

రామేశ్వర్‌రావు మాట అదే. కరీంనగర్ బస్టాండ్ రోడ్డులో ఆయన కట్టిన మూడంతస్తుల చీరల షోరూంకి కింది నుంచి పై దాకా నీలి అద్దమే. అందులో తెరుచుకునేది ముందు వాకిలి ఒక్కటే.

కూతురు సృజన సివిల్ ఇంజనీరు. ఆరు నెలలుగా తండ్రితో ఒకటే పోరు. "బాపూ, పైన ముప్పై మంది ఆడోళ్లు మిషన్లు కుట్టుకుంట కూసుంటరు. కింద ఏదన్న అంటుకుంటె పొగ ఎటు పోవాలె? స్లాబుకు, అద్దానికి నడుమ సందున్నది. అండ్లకెల్లి సీదా వాళ్ల మీదికే పోతది."

"ఏసీ పెట్టినంక కిటికీలెందుకు? హైదరాబాదుల అన్ని గిట్లనే ఉన్నయ్. ఫికర్ చెయ్యకు."

"బాపు చెప్పింది నిజమే," అంది తల్లి రాధాబాయి. ఆమె ఎప్పుడూ అంతే. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడి మాటకు ఎదురుచెప్పిన పాపాన పోలేదు. సృజనకు తండ్రి కంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ప్రారంభం రోజు కనీసం హోమమైనా బయట టెంటు కింద పెట్టమని బతిమాలింది. దానికీ రాధాబాయే అడ్డుపడింది.

"శుభమా అని దుకాణం తెరుస్తుంటే అగ్నిహోత్రం రోడ్డు మీదనా? లోపట్నే కావాలె. పూజ సామాన్లన్ని నేను చూసుకుంట."

రామేశ్వర్‌రావు ఉప్పొంగిపోయాడు.

ముహూర్తానికి మంథని నుంచి పంతులు వచ్చాడు. చుట్టాలు పట్టుబట్టల్లో గుండం చుట్టూ కూర్చున్నారు. పది నిమిషాల్లో పంతులుకి మంత్రం కంటే దగ్గు ఎక్కువైంది. పావుగంటకు ఎదురుగా కూర్చున్న బావమరిది రామేశ్వర్‌రావుకి కనబడటం మానేశాడు.

పైన మిషన్లు సర్దుతున్న వనజ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దిగివచ్చింది. "సార్, మూడో అంతస్తుల ఏం కనవడ్తలేదు. అందరం ఆగమైతున్నం."

రామేశ్వర్‌రావు గబగబా లేచి, గొళ్లెం కోసం అద్దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమాడు. ఎక్కడుంటుంది పాపం. ఆఖరికి కుట్టుపని వాళ్లూ, చుట్టాలూ, పంతులూ ఉన్న ఒక్క వాకిలిలోంచే ఒకరినొకరు తోసుకుంటూ రోడ్డున పడ్డారు.

దగ్గు తగ్గాక రామేశ్వర్‌రావు మొదట చేసిన పని అద్దాల కాంట్రాక్టరుకి ఫోన్ చేయడం.

"సుధాకర్, అంతస్తుకు నాలుగు కిటికీలు తెరుచుకునేటట్టు పెట్టాలె. గా సందులన్ని మూసెయ్యాలె. వెనుక ఇంకో మెట్లదారి కావాలె. గదంత అయ్యేదాంక షోరూం తెరిచేది లేదు."

సృజన సంతోషం పట్టలేక తండ్రి చేయి పట్టుకుంది. ఆయన మెల్లగా విడిపించుకున్నాడు.

"నువ్వు చెప్పినవని కాదు. అగ్నిదేవుడే చెప్పిండు."

"నిజమే, దేవుడే చెప్పిండు," అని రాధాబాయి లెంపలేసుకుంది.

సాయంత్రం మంథని బస్సెక్కబోతున్న పంతులు చేతిలో తాంబూలం పెడుతూ ఆమె గొంతు తగ్గించింది: "జర మాఫ్ చెయ్యుండ్రి పంతులు గారు, సమిధలను రాత్రంత బకెట్ల నానబెట్టింది నేనే."