చాప కింద మనిషి

తెల్లవారేసరికి మరెటా ఇంటి ముందు, తడిగడ్డి మీద ఎవరో మోకరిల్లి ఉన్నారు. తల నుంచి కాళ్ళ దాకా సన్నటి అల్లిక చాప కప్పుకోవడంతో ముఖం కనిపించడం లేదు.

ముఖంతో పనేముంది? అది ఫిలిపోనే అని మరెటాకి తెలుసు. తప్పు చేసినవాడు ఇలా చాప కప్పుకుని వస్తాడు. ఇంటివాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే అలా పడి ఉండాల్సిందే. సమోవా దీవులు వదిలి ఆక్లండ్ వచ్చినా వాళ్ళు ఆ పద్ధతి వదల్లేదు.

"ఎండకి మాడి చావనీ. మా చేతి కూడు తిని మా గొంతే కోశాడు," అంది మరెటా కిటికీలోంచి.

ఆమె తమ్ముడు తానియెలుకి ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేవు. తన బతుకు ఎలాగూ దొంగచాటైపోయింది, స్నేహితుడు ఫిలిపో అయినా దర్జాగా రావాలని పంతం పట్టాడు. సమోవా వాళ్ళని ఈ దేశంలోకి రానివ్వడానికి ఏటా తీసే లాటరీలో ఫిలిపో పేరు వచ్చింది. ఇక్కడ ఎవరైనా ఉద్యోగమిస్తే శాశ్వతంగా ఉండిపోవచ్చు. తానియెలు తన యజమాని కాళ్ళావేళ్ళా పడి, ఉన్న ఒక్క ఖాళీ అతనికి ఇప్పించాడు. మరెటా భర్త సెమూ తన తమ్ముడి పేరూ వచ్చిందని, ఆ ఉద్యోగం వాడికి ఇప్పించమని అడిగాడు.

"ఫిలిపోకి మాటిచ్చేశాను బావా," అన్నాడు తానియెలు.

ఫిలిపో వచ్చి మరెటా ఇంట్లోనే స్థిరపడ్డాడో లేదో, ఎవరో అధికారులకి ఫోన్ చేసి తానియెలు సంగతి చెప్పేశారు. నిన్న పట్టుకుపోయారు. ఈ మధ్యాహ్నం విమానం ఎక్కించేస్తారు. ఆ రహస్యం తెలిసిన బయటివాడు ఫిలిపో ఒక్కడే. మరెటా నిన్ననే అతని సంచి వీధిలోకి గిరాటేసింది. అతను సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

పాస్టరు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నీ తమ్ముడు ఫోన్లో మాట్లాడాడమ్మా. ఈ సంగతి చెప్తే, తను విమానం ఎక్కేలోపు చాప ఎత్తమన్నాడు."

తమ్ముడి మాట కొట్టెయ్యలేక మరెటా బయటికొచ్చింది. రాత్రి డ్యూటీకి వెళ్ళిన సెమూ ఇంకా ఇల్లు చేరలేదు. ఆయనుంటే వీణ్ణి నాలుగు తన్ని పంపేవాడు కదా అనుకుంటూ, ఏడుస్తూనే చాప ఎత్తింది.

సెమూ! ఇంకా ఫ్యాక్టరీ బట్టల్లోనే ఉన్నాడు.

"మా తమ్ముడికి ఉద్యోగం అడిగితే కాదన్నాడుగా, మరెటా," అన్నాడు తలెత్తకుండా.

మరెటా ఆ చాపని మళ్ళీ అతని తల మీద కప్పేసి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.