సీటు కింద మిగిలిన రంగు

"రంగు మీద మెరుపు లాకర్ కొట్టకు మొగులయ్యా, బండి ఖరాబయితది!"

మళ్లీ వచ్చాడా ముసలాయన! నరసరాజుకు ఒళ్లు మండింది.

బండి వాళ్ల నాన్నది. పాత జావా మోటారుసైకిలు. తొంభై ఆరులో, నాన్న సంవత్సరీకం నాటికి అది కొన్ననాటి రంగులో ఇంటి ముందు నిలబడాలని పటాన్‌చెరు పెయింటర్ మొగులయ్యకు అప్పజెప్పాడు. అసలు రంగు సీటు కింద అరచేతి మేరే మిగిలింది. దాన్ని చూసే మొగులయ్య కొత్త రంగు కలుపుతున్నాడు.

మధ్యలో ఈ కొమురయ్య ఎక్కడ దాపురించాడో! బొంబాయి నుంచి ఈమధ్యే తిరిగొచ్చాడట. దారిన పోతూ బండిని చూశాడట. ఇక రోజూ హాజరు.

"అప్పట్ల రంగు మీద లాకర్ ఏడిది? గింత మెరుపు లేకుండె. బంగారు గీతలు గూడ సన్నగ చేతితోని గీసినయి," అన్నాడు కొమురయ్య.

"ఎంత సన్నగ పెద్దాయనా? జెర చెప్పు," అంటూ మొగులయ్య స్టూలు జరిపాడు.

నరసరాజును ఒక్క మాట అడిగితే ఒట్టు.

"మా నాన్న బండి సంగతి నీకెలా తెలుసు?"

"ఎందుకు తెల్వది బిడ్డా! మీ నాయిన దినాం నన్ను ఎనుక కూసోబెట్టుకొని తిప్పెటోడు. నేను పాట అందుకుంటె, ఆయన హారన్ కొట్టెటోడు!"

హారన్ కొట్టే నాన్నా?

నరసరాజుకు తెలిసిన నాన్న ఆ బండిని ఆదివారం తుడిచి గుడ్డ కప్పేవాడు. కన్నకొడుకును ఒక్కనాడూ ఎక్కించుకోలేదు. ఈ పరాయివాణ్ని మాత్రం ఊరంతా తిప్పాడట!

"లాకర్ కొట్టు మొగులయ్యా. తళతళా మెరవాలి."

"పాత తీరే గావాలంటిరి గద సార్?"

"ఇప్పుడు వద్దు. సీటు కింద ముక్క కూడా గీకెయ్."

"అది పోతే మళ్ల ఆ రంగు దొర్కది సార్. నమూనా అదొక్కటే."

నరసరాజు తనే గరుకు వాటర్ పేపర్ లాక్కుని, నీళ్లలో ముంచి రుద్దాడు. మెరూన్ నీళ్లు కారాయి.

"గట్ల జెయ్యకు బిడ్డా!" కొమురయ్య చెయ్యి పట్టుకోబోయాడు.

"నీకేం సంబంధం? పో అవతలికి!"

కొమురయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం లేదు బిడ్డా. బండిని మంచిగ జూస్కో," అని తువ్వాలతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

సంవత్సరీకం నాడు బండి ధగధగలాడింది. చుట్టాలంతా మెచ్చుకున్నారు. తల్లి హైమావతి మాత్రం ట్యాంకు తడిమి, "ఇది ఆ రంగు కాదురా," అంది.

"కొమురయ్యని ఎవడో వచ్చాడమ్మా. నాన్న తననే తిప్పేవాడని ఒకటే కోతలు. తరిమేశాను."

హైమావతి ట్యాంకు మీది చెయ్యి తీసేసి కొడుకు వైపు తిరిగింది.

"కొమురయ్య బతికే ఉన్నాడా? తరిమేశావా?"

"ఎవరమ్మా ఆయన?"

"కంపెనీకి భూమి పోతే, వచ్చిన డబ్బుతో బండి కొన్నాడు. నడపడం రాదు. మీ నాన్నగారు నడిపితే వెనక కూర్చునేవాడు. బొంబాయికి కూలికి వెళ్తూ మన దగ్గర వదిలి వెళ్లాడు. మనిషి పత్తా లేడు. అతనొచ్చి అడిగేదాకా మనం వాడకూడదని మీ నాన్నగారు తానెక్కకుండా, నిన్ను ఎక్కించకుండా కాపాడిన ఆ బండి కొమురయ్యదేరా!"