స్ట్రెచర్ బాబాయి

“ఆ మూల కూర్చున్నదెవరు? ఇది ఆసుపత్రా, సత్రమా?”

పెద్ద డాక్టరమ్మ గొంతు వినగానే స్ట్రెచర్ పక్కనున్న మనిషి గబుక్కున లేచాడు.

“నేనేనమ్మా, బాబాయిని. కాస్త ఊపిరి పీల్చుకుందామని.”

“పీల్చుకోవడానికి ఇంట్లో గాలి లేదా? పదండి, పదండి.”

బాబాయి నవ్వేసి స్ట్రెచర్ అందుకున్నాడు.

మహమ్మారి వచ్చాక సర్జరీ విభాగం రూపే మారిపోయింది. థియేటర్లన్నిటినీ ఊపిరాడనివాళ్ళ వార్డులుగా మార్చేశారు. ఒక్కటి మిగిలింది. అందులో ఎవరికి ఆపరేషన్ చేయాలి, ఎవర్ని ఆగమనాలి అన్న భారమంతా డాక్టరమ్మ నెత్తిన పడింది. ఆగమన్నవాళ్ళకి ఈలోగా ఏమవుతుందోనని ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

మనుషులు చాలక బయటివాళ్ళని సాయానికి పిలిచారు. నిలువెల్లా తెల్ల ముసుగులే కాబట్టి ఎవరెవరో తెలియడానికి గౌను మీద పేరు రాసుకునేవారు. ఫోన్లు మాత్రం బయట బీరువాలో పెట్టి రావాల్సిందే.

ఈయన ‘బాబాయి’ అని రాసుకున్నాడు. అంతే, అందరికీ బాబాయి అయిపోయాడు. అసలు పేరు అడిగే తీరిక ఎవరికుంది?

భయంతో బిగుసుకుపోయిన పేషెంట్లని తోసుకెళ్తూ నవ్వించేవాడు.

“కళ్ళు మూసుకో తల్లీ. ఆపరేషన్ మనకి, అలుపు వాళ్ళకి!”

ఆ ఉదయం థియేటర్‌కి రావాల్సిన పేషెంటుకి జ్వరం తగిలింది.

“ఆగమన్నవాళ్ళలో మొదటాయన్ని రమ్మనండి,” అంది డాక్టరమ్మ.

“ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు మేడమ్,” అంది నర్సు.

“అయితే ఆయన అదృష్టం అంతే. తర్వాతివాళ్ళని పిలవండి.”

తర్వాతి ఆవిడ ఆదరాబాదరా వచ్చింది. బాబాయే ఆమెకి ధైర్యం చెప్పి లోపలికి తోసుకెళ్ళాడు.

ఆమెకి కుట్లు వేసి డాక్టరమ్మ బయటికొచ్చేసరికి బాబాయి నడవాలో పడి ఉన్నాడు.

అదే థియేటర్లోకి తీసుకెళ్ళి పొట్ట తెరిచింది. లోపల ఎన్నాళ్ళుగానో ఉబ్బిన పెద్ద రక్తనాళం పగిలిపోయి ఉంది. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. మనిషి దక్కలేదు.

జేబులో దొరికిన చిరునామాకి మనిషిని పంపితే భార్య వచ్చింది.

డాక్టరమ్మకి దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పొద్దున్న కసిరిన మాట కూడా గుండెలో గుచ్చుకుంటోంది.

“ఇది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదమ్మా. వేళకి ఆపరేషన్ చేయించుకుంటే బతికేవారు. ఒక్క డాక్టరుకైనా చూపించుకోవద్దూ?”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“చూపించుకున్నారమ్మా. ఆపరేషన్ ఇక్కడే చేస్తామన్నారు, మొదటి పేరు మీదే, పిలిచేదాకా ఆగండన్నారు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను, పిలుపు వచ్చేసరికి అక్కడే ఉంటాను కదా అని, జబ్బు సంగతి దాచి మీ దగ్గర పనికి కుదిరారు.”