నలభై బళ్ల ఏరు

నీళ్లు పరీక్షించే ఉద్యోగాలు ఎత్తేశాక ఏటి ఒడ్డునున్న నలభై బళ్ల పిల్లలే రోజూ నీటిలో ఆక్సిజన్ కొలిచి ఫోనులోని ఉమ్మడి పట్టికలోకి ఎక్కిస్తున్నారు. అంకె ఐదు దాటిందని పట్టిక ఒప్పుకుంటేనే ఊళ్లలో కుళాయిలు తెరుచుకుంటాయి.

ఆ పొద్దున తొమ్మిదో తరగతి నీలవేణి సీసా ముంచి కొలిస్తే రెండొచ్చింది. నిన్న ఏడు. నీళ్లు కుళ్లు కంపు కొడుతున్నాయి. అంకె ఎక్కించగానే పట్టిక దాన్ని ఏడుగా దిద్దేసింది. మిగతా బళ్లన్నీ ఏడన్నాయట.

సైన్సు మాస్టారు ఫోను చూసి నిట్టూర్చారు. "అంతమంది ఏడంటుంటే నీ ఒక్కర్తి మాట ఎవరింటారమ్మా? నా చేతుల్లో ఏటుంది?"

ఆ ఏడు ఎక్కడిదో నీలవేణికి తెలుసు. ల్యాబు రికార్డు దించుకున్నట్టే పిల్లలు ఒకరి అంకె ఒకరు దించుకుంటారు. నిన్న తన అంకెను బళ్ల పిల్లల వాట్సాప్ గుంపులో పెట్టింది తనే. రేపటిక్కూడా ఇదే వేసుకోండని రాసిందీ తనే.

"ఒక్కసారి ఏట్లోకి దిగి కొలవండే" అని గుంపులో బతిమాలింది.

"నువ్వే కదే ఏసుకోమన్నావు. ఎక్కించేసినాం" అని జవాబొచ్చింది.

ఇంటి దగ్గర అమ్మ కుళాయి కింద బిందె నింపుతోంది.

"ఆ నీళ్లు వద్దే అమ్మా. నేను కొలిస్తే రెండే వచ్చింది."

"ఇదిగో, నీ పేరు పక్కన ఏడేసినారు కదే" అని అమ్మ మురిపెంగా ఫోను చూపించింది. తర్వాత పక్కింటావిడ బిందెకు చోటిస్తూ అంది:

"పట్టుకో వదినా, మా పిల్ల కొలిసిన నీల్లే."