ఒక గొడుగు, రెండు బాక్సులు

"ఒచ్చిందేటి?" మేడమీంచి తిరుమలరావు అరిచాడు.

"నేదు," కింద గుమ్మంలోంచి నరసింగరావు.

అన్నదమ్ములు. నెల్లిమర్లలో ఉన్న ఒక్క ఇల్లూ పంచుకుని మధ్యన గోడ కట్టుకున్నారు. ఒక కడుపున పుట్టినవాళ్ళు, మేడమీద వాననీళ్ళ గొట్టం ఎవరి వైపు పెట్టాలన్న దగ్గర మాటలు మానేశారు. బావికి వంతులేసుకున్నారు. కొబ్బరిచెట్లు చెరిసగం. టీవీ గొడుగే చెరిసగం కాలేదు. డిష్ షాపు ధనరాజ్ ఆ ఒక్క గొడుగు నుంచే రెండు వైర్లు దింపి, రెండిళ్ళలో బాక్సులకి తగిలించాడు.

గాలి గట్టిగా వేస్తే గొడుగు తిరిగిపోతుంది. రెండిళ్ళలోనూ బొమ్మ పోతుంది. అప్పుడు తమ్ముడు మేడెక్కి తిప్పాలి, అన్న టీవీ చూసి కేకెయ్యాలి. వాళ్ళు మాట్లాడుకునేది ఆ పని మీదే. చావుకీ పెళ్ళికీ కూడా మాటల్లేవు.

నిన్నటి వానగాలికి మళ్ళీ తిరిగింది.

"కొంచిం మిల్లువైపు తిప్పు!"

"తిప్పినాను. ఒచ్చిందేటి?"

"సిగ్నల్ నేదంటంది."

"సరిగ్గా సూడు. కళ్ళజోడు ఎట్టుకున్నావా?"

"ఎట్టుకున్నాన్రా. తాటిసెట్లెక్కినోడివి, మేడమీద ఇంతసేపేటి?"

"అయితే నువ్వెక్కు."

"నా మోకాలు సంగతి నీకు తెల్దేటి?"

తిరుమలరావు పిట్టగోడ మీంచి కిందికి వంగాడు.

"డాక్టర్‌కి సూపించినావా?"

"ఆడేటి సెప్తాడు, మెట్లెక్కొద్దంటాడు. నీ పని నువ్వు సూడు."

"ఇదే ఆకరు," అన్నాడు తిరుమలరావు. "రేపు ధనరాజ్ వొచ్చి నాకు వేరే గొడుగు బిగించేస్తాడు. ఇంక నీ బాద నీది, నా బాద నాది."

"బిగించుకో. నాకేటి."

ఎండ ముదురుతోంది.

"ఒచ్చిందేటి?"

"నేదు."

"నెత్తి మాడిపోతంది, అన్నియ్యా."

"తువ్వాలు సుట్టుకోరా ఎదవా. సిన్నప్పుడు ఎండదెబ్బ కొడితే మూడ్రోజులు నేనే మోసీవోణ్ణి నిన్ను."

"సుట్టుకున్నాను. ఇప్పుడొచ్చిందేటి?"

"నేదంటన్నాను కదా. ఇంకొంచిం తిప్పు."

"తిప్పుతన్నాను."

గొడుగు మీంచి ఎప్పుడో చెయ్యి తీసేసిన తిరుమలరావుకి, గోడకి అటూ ఇటూ ఉన్న రెండు టీవీల్లోంచీ ఒకే సీరియల్ ఏడుపు చాలాసేపటి నుంచి బాగానే వినిపిస్తోంది.