పాసుపోర్టు వయసు

"అబ్బాయికి ఎన్నేళ్లు తంబీ?"

సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్ పేటలో అపార్టుమెంటు బ్లాకు కింద, ఉత్తరాల పెట్టెల దగ్గర, ఎవరో ముసలాయన అడిగాడు.

పెట్టె తాళం తీస్తున్న జనార్ధనరావు వెనక్కి తిరిగాడు. తెలుగే. కానీ సగం తమిళ యాస. మలేషియా తోటల నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ల మాట.

"పదిహేనున్నర."

"ఇంట్లోనా, పాసుపోర్టులోనా?"

జనార్ధనరావు గబుక్కున పెట్టె మూసేశాడు.

కాకినాడలో ప్రణవ్‌ని బళ్లో వేసినప్పుడు ఐదేళ్లు నిండలేదన్నారు. బతిమాలి ఒక ఏడాది ఎక్కువ వేయించాడు. ఆ కాగితం మీదే పాసుపోర్టు వచ్చింది. ఆ పాసుపోర్టు మీదే ఇక్కడ శాశ్వత నివాసం, పీఆర్ వచ్చింది. ఈ సంగతి సింగపూర్‌లో తనకీ భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు.

మరి వీడికెలా తెలిసింది?

"మీకెందుకండీ?"

"సైన్యం కాగితం వచ్చిందా అని..."

లిఫ్టు వచ్చింది. జనార్ధనరావు ఎక్కి మీట నొక్కేశాడు.

పీఆర్ ఉన్నవాళ్ల మగపిల్లలు పదహారున్నర నిండగానే సైన్యంలో పేరు రాయించుకోవాలి. అది అతనికీ తెలుసు. ఇంకా ఏడాది ఉంది కదా, ఉత్తరం వస్తే చూద్దాంలే అనుకున్నాడు. అసలు ఊపిరి సలిపితేగా! అది 1999 ఆగస్టు. రెండువేల సంవత్సరం రాగానే బ్యాంకు కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని లోకమంతా హడలిపోతోంది. ఆ తేదీలు సరిచేయడమే అతని ఉద్యోగం.

మర్నాడు ఆఫీసులో తోటి ఉద్యోగి విశ్వనాథం చెవిలో వేశాడు.

"అమ్మో! అలాంటివాళ్లు ఆరాలు తీసి పైకి చేరవేస్తారు గురూ. పుట్టినతేదీ తప్పని తేలితే పీఆర్ పీకి విమానం ఎక్కిస్తారు. మాట కలపకు."

ఆ రోజునుంచి జనార్ధనరావుకు ఎక్కడ చూసినా ఆ ముసలాయనే. కాఫీ కొట్టు దగ్గర ఆయనే. బస్‌స్టాపులో ఆయనే.

"వాడు మన ప్రణవ్‌నే చూస్తున్నాడండీ," అంది భార్య భ్రమరాంబ.

"ఆ తాత మంచోడే లా," అన్నాడు ప్రణవ్, ఇక్కడి పిల్లల యాసలో. "నన్ను కూడా అడిగాడు. ఆర్మీ ఆఫీసుకు వెళ్లు, డోంట్ వెయిట్ అన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

"నథింగ్ నాన్నా. మీరే కదా ఎవరికీ ఏజ్ చెప్పొద్దన్నారు."

"ఈసారి కనబడితే అటునుంచటే వచ్చెయ్."

ఆదివారం తలుపు చప్పుడయింది. ఇనుప గేటు అవతల ముసలాయన. ఏడంతస్తులు మెట్లెక్కి వచ్చినట్టు రొప్పుతున్నాడు. ఆ పూట లిఫ్టు చెడింది.

"నా పేరు పరశురాముడు. పక్క బ్లాకే. ఒక్క మాట తంబీ. ఇంటి లెక్క వద్దు, పాసుపోర్టు చూడు. ఇదిగో, ఆఫీసు అడ్రసు, బస్సు నంబరు రాయించుకొచ్చాను."

"పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువు. వాళ్లయినా చెప్తారు నీకు."

"మర్యాదగా పోతారా లేదా!"

ముసలాయన కాగితాన్ని గేటు సందులో దూర్చి, కమ్మీ పట్టుకుని మెల్లగా దిగిపోయాడు.

జనార్ధనరావు దాన్ని చదవలేదు. ఉండచుట్టి వంటింట్లో చెత్త గొట్టంలో పడేశాడు. ఏడంతస్తులు జారిపోయిందది.

కొత్త సంవత్సరం వచ్చింది. ఒక్క తేదీ తప్పలేదు. బ్యాంకువాళ్లు చప్పట్లు కొట్టి మరీ సెలవిచ్చారు.

ఫిబ్రవరిలో ముగ్గురూ ఊరికి బయల్దేరారు. విమానాశ్రయంలో కౌంటరులో ఉన్న అమ్మాయి ప్రణవ్ పాసుపోర్టు చూసి, కంప్యూటర్ చూసి, ఎవరినో పిలిచింది.

వచ్చిన అధికారి నెమ్మదిగానే మాట్లాడాడు.

"సైన్యంలో పేరు నమోదు కాలేదు. పోయిన ఆగస్టుకే గడువు వచ్చింది."

"లేదు సార్, మావాడికి పదహారే..."

"ఇందులో పదిహేడు."

అధికారి పాసుపోర్టు తిప్పి చూపించాడు.

"మూడు ఉత్తరాలు పంపాం, క్లెమెంటి చిరునామాకి."

అది పాత అద్దె ఇల్లు. చిరునామా మారిందని చెప్పాలి, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ రెండేళ్లు గడిపేశాడు.

"అప్పుడే వచ్చి ఉంటే ఒక సంతకంతో పోయేది," అన్నాడు అధికారి.

ప్రణవ్ పాసుపోర్టు ఉంచేసుకున్నారు. కోర్టు నుంచి కబురొస్తుందన్నారు. జరిమానానో జైలో అక్కడే తేలుతుందట.

ఇంటికి తిరిగొస్తూ టాక్సీలో ప్రణవ్ ఒక్కటే అడిగాడు. "తాత చెప్పింది ఇదేనా నాన్నా?"

జనార్ధనరావు పెట్టెలు బ్లాకు కింద వదిలేసి, అట్నుంచటే పక్క బ్లాకుకు పరుగెత్తాడు. ఏం చేయాలో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే అనిపించింది.

కింద ఖాళీ జాగాలో గుడారం విప్పుతున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నాయి. బల్ల మీద పరశురాముడి ఫోటో, దానికి వాడిన దండ.

పక్కన కూర్చున్న ముసలామె తలెత్తింది.

"నేను చిన్నమ్మని, ఆయన పెళ్లాన్ని. నువ్వు ఏడో అంతస్తు తంబీవి కదూ? మీ ఇంటినుంచి వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. పోలీసుల్ని పిలుస్తానన్నందుకు కాదు. ఆ పిల్లాడి కాగితం ఏమవుతుందోనని."

జనార్ధనరావు ఫోటో ముందు చెప్పులు విడిచాడు.

"ఎప్పుడమ్మా?"

"నాలుగు రోజులయింది. కేశవ్ వస్తాడేమోనని మూడు రోజులు ఉంచాం. మా ఒక్కగానొక్క కొడుకు. మలేషియాలో, జోహార్‌లో ఉంటాడు."

"జోహార్ ఎంత దూరమమ్మా, వంతెన దాటితే ఇక్కడే కదా. రాలేదా?"

చిన్నమ్మ దండలో రాలిన పూలు ఏరుతూ అంది.

"వంతెన దాకా వచ్చి అవతలే నిలబడి ఏడ్చాడు తంబీ, తోట బడిలో ఒక వయసు రాయించి, ఇంట్లో ఇంకో వయసు లెక్కపెట్టుకుని, వాడి సైన్యం కాగితం గడువు ఈయనే దాటబెట్టి ఇరవై ఏళ్లయింది, ఇటు అడుగు పెడితే వాడికి బేడీలే."